లారెడు వడ్లలో మూడు గింజలు

మా బడి సారు పేరిట జరిగే ఈ స్మారకోపన్యాసానికి రాయికల్ రమ్మని పిలుపు వచ్చినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఒక చిన్న వడ్ల కుప్ప. వానకాలం కోతలయ్యాక ఓ మధ్యాహ్నం సారు ఆ కుప్పను బల్ల మీద పోసి, నాతోనూ నా పక్కన కూర్చునే పిల్లవాడితోనూ విడివిడిగా గింజలు లెక్కపెట్టించారు. "ఒకడి లెక్క ఒకడికి చెప్పొద్దు" అన్నారు. నాకు 1,012 వచ్చాయి, వాడికి 996. సారు కోప్పడలేదు. "మళ్లీ లెక్కపెట్టండి" అన్నారు, అంతే. సాయంత్రం కంసాలి త్రాసులో తూయిస్తే ఆ కుప్ప 20 గ్రాములు తూగింది.

వెయ్యి గింజలు 20 గ్రాములైతే వంద కోట్ల గింజలు 20 టన్నులు. కొనుగోలు కేంద్రం లెక్కన 40 కిలోల బస్తాలు 500. పెద్ద లారీకి నిండు లోడు. అంతటి లోడులో మూడో నాలుగో గింజలు వేరే రకానివని తెలిస్తే, వాటిని పట్టుకునేదెట్లా?

జెనీవా దగ్గర సెర్న్ ప్రయోగశాలలో సరిగ్గా ఆ పనే చేశారు. బి-ఎస్ మెసాన్ అనే కణం పుట్టీ పుట్టగానే క్షయమవుతుంది. అది మ్యూయాన్లనే రెండు కణాలుగా మాత్రమే మారడం వంద కోట్లకు 3.66 సార్లు జరగాలని సిద్ధాంతం చెప్పింది. 2011, 2012లలో పోగైన సమాచారాన్ని సీఎంఎస్, ఎల్‌హెచ్‌సీబీ బృందాలు కలిపి పరిశీలించి, 2015లో 'నేచర్' పత్రికలో తమ కొలత ప్రకటించాయి: వంద కోట్లకు 2.8, అటూ ఇటూ 0.7 దాకా తేడాతో. రెండూ పొసిగినట్టే.

మరి ఆ వంద కోట్లను లెక్కపెట్టిందెవరు? నన్ను ఈ శాస్త్రానికి కట్టిపడేసిన ప్రశ్న ఇదే. ఒక్కొక్కటిగా ఎవరూ లెక్కపెట్టలేదు. యంత్రం కంట పడకుండా జారిపోయే కణాలు బోలెడు. అందుకని బాగా తెలిసిన మరో క్షయాన్ని పక్కన పెట్టుకుంటారు. బి-ప్లస్ మెసాన్ జె-సై, కేయాన్ అనే రెండు కణాలుగా మారి, ఆ జె-సై రెండు మ్యూయాన్లు కావడం లక్షకు ఆరు సార్లు. అది అంతకుముందే కొలిచిపెట్టిన లెక్క. రెండింటినీ ఒకే జల్లెడ పడితే తరుగు చాలావరకు ఒకేలా పోతుంది. నిష్పత్తి తీస్తే ఆ తరుగు లెక్కలోంచి కొట్టుకుపోతుంది.

ఇక తాలు సంగతి. వేర్వేరు కణాల నుంచి వచ్చిన రెండు మ్యూయాన్లు జంటలా కనిపించి మోసం చేస్తాయి. అసలు జంట శక్తి, ద్రవ్యవేగాల నుంచి లెక్కగట్టిన ద్రవ్యరాశి ప్రోటాన్‌కు సుమారు 5.7 రెట్లు రావాలి. ఏరివేత నియమాలన్నీ ఖాయం చేసేదాకా ఆ విలువ చుట్టుపక్కల పడిన జంటలను ఆ బృందాలు చూడకుండా మూసిపెట్టుకున్నాయి. చూస్తూ నియమం రాస్తే, చెయ్యి తెలియకుండానే కోరుకున్న గింజ వైపు పోతుంది. సారు మమ్మల్ని లెక్క చెప్పుకోవద్దన్నది ఎందుకో నాకు ఇరవై ఏళ్ల తర్వాత, ఈ పద్ధతి చదివిన రోజున తెలిసింది.

2023లో జపాన్‌లోని సుకుబాలో బెల్-2 ప్రయోగం మరో అరుదైన క్షయానికి తొలి ఆధారం చూపింది. మన సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్ కూడా ఆ ప్రయోగంలో భాగస్వామి. బి-ప్లస్ మెసాన్ ఒక కేయాన్‌గా, ఒక న్యూట్రినో జంటగా మారే క్షయమది. న్యూట్రినోలు యంత్రానికి చిక్కవు. లెక్కకు రాని శక్తిని బట్టే అవి వచ్చి వెళ్లాయని తెలుసుకోవాలి. సిద్ధాంతం ప్రకారం పది లక్షలకు ఐదారు ఉండాల్సిన చోట 23 వచ్చాయి, ఏడు అటూ ఇటూగా. తెలియని కణమేదో దొరికిందనడానికి ఇది చాలదు. పట్టించుకోకుండా వదిలేయడానికీ లేదు. మళ్లీ లెక్కపెడుతున్నారు.