మన పిల్లలు ఆఫీసు మెట్లెక్కినప్పుడు
(యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

  

ఇవి ఒక్కరి మాటలు కావు. గిరిజన హాస్టళ్లలో పనిచేసే మేం ముగ్గురం వార్డెన్లం కూర్చుని, పిల్లల నుంచి విన్నవీ మేం చూసినవీ కలిపి రాసుకున్నాం. అందుకే 'మేం' అనే మాట్లాడతాం.

మాకిచ్చిన విషయం 'డైవర్సిటీ అండ్ ఇంక్లూజన్ ట్రైనింగ్'. సంఘం వాళ్లు ఫోన్లో చెప్పగానే మాలో ఒకరు, "అది పట్నం కంపెనీల ముచ్చట, మనకెందుకు?" అన్నారు. తర్వాత ఆలోచిస్తే, మా దగ్గర చదివి పట్నంలో ఉద్యోగంలో చేరి, ఏడాది తిరక్కుండా గూడేనికి వచ్చేసిన పిల్లలు గుర్తొచ్చారు. పని రాక వెనక్కొచ్చిన వాళ్లు తక్కువ. అక్కడ ఉండలేక వచ్చిన వాళ్లే ఎక్కువ. ఆ 'ఉండలేకపోవడం' గురించే ఈ ట్రైనింగ్. అయితే ఇది మనకు ఇచ్చే ట్రైనింగ్ కాదు. మన పక్క కుర్చీలో కూర్చునే వాళ్లకూ, మన మీద అధికారులుగా ఉండే వాళ్లకూ ఇచ్చేది. ఇవ్వాల్సింది.

రకరకాల మనుషులు ఒకచోట ఉండడం వైవిధ్యం. ఉన్న వాళ్లందరికీ అక్కడ మాట, పని, గౌరవం ఉండడం ఇంక్లూజన్. ఈ తేడా మనకు కొత్తేం కాదు. కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశం కొత్త కోడళ్లకు 'భేటింగ్' చేస్తారు కదా. పెళ్లయి వచ్చిందని ఊరుకోరు. దేవుడి ముందుకు తీసుకెళ్తారు, పెద్దలకు పరిచయం చేస్తారు, ఆ తర్వాతే ఆమె పూజలో భాగస్తురాలవుతుంది. చేర్చుకోవడం అనేది చేర్చుకునే వాళ్లు చేయాల్సిన పని అని మన పెద్దలకు తెలుసు. కంపెనీల్లో మాత్రం కొత్తగా వచ్చిన పిల్లే అందరికీ తనను తాను పరిచయం చేసుకుంటూ తిరగాలి.

మా దగ్గర పదో తరగతి దాకా చదివిన ఒక అమ్మాయి సంగతి చెప్తాం. పేరు చెప్పం, కంపెనీ పేరూ చెప్పం. ఇంటిపేరు ఆత్రం. ఇక్కడ ఆత్రం వాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి ఎవరో దొరకదు. చేరిన మొదటిరోజే టీమ్‌లో ఒకతను, "ఆత్రమా? ఎందుకండీ అంత ఆత్రం?" అన్నాడట. అందరూ నవ్వారు. అమ్మాయీ నవ్వింది. రెండోరోజూ అదే. పని తొందరగా ముగిస్తే "ఆత్రం పడింది", ఆలస్యమైతే "ఈరోజు ఆత్రం లేదే". మన వంశం పేరు, మన సగా పేరు వాళ్లకు ఒక తెలుగు మాట, అంతే. తిట్టలేదు, కొట్టలేదు. ఏమని ఫిర్యాదు చేస్తుంది?

మాకు ఫోన్ చేసింది. మేం ఏమన్నామో తెలుసా? "చిన్న విషయం, సర్దుకుపో" అన్నాం. ఆ మాట ఈరోజు మీ అందరి ముందు వెనక్కి తీసుకుంటున్నాం.

కొన్నాళ్లకు ఆ కంపెనీలో ఇదే ట్రైనింగ్ పెట్టారు. ఎవరో ట్రైనర్ వచ్చి అందరినీ ఒక గీత మీద నిలబెట్టారు. తను అడిగే ప్రశ్నకు 'అవును' అయితే ఒక అడుగు ముందుకు, 'కాదు' అయితే ఒక అడుగు వెనక్కు. మీ అమ్మానాన్నల్లో ఒకరైనా డిగ్రీ చదివారా? ఇంట్లో మాట్లాడే భాషలోనే బడిలో పాఠం విన్నారా? చిన్నప్పుడు ఇంట్లో మీకంటూ చదువుకునే బల్ల ఉందా? ఇలా ఓ ఇరవై ప్రశ్నలు. ఆట ముగిసేసరికి అందరూ గది మధ్యలో అటూ ఇటూ ఉన్నారు. మన అమ్మాయి వీపు వెనక గోడకు తగిలింది. ట్రైనర్ ఆమెను చూపించి, "చూడండి, ఈమె ఎంత దూరం నుంచి వచ్చిందో" అంటే అందరూ చప్పట్లు కొట్టారట.

ఆ ట్రైనర్ మంచి మనసుతోనే చేసి ఉంటారు. ఈ ఆట చాలాచోట్ల ఆడిస్తారు, ముందున్న వాళ్లకు తమ సౌకర్యం తమకు తెలిసిరావాలని. ముందున్న వాళ్లకు ఏమో తెలిసొచ్చింది. గోడకు ఆనుకున్న అమ్మాయికి ఏం తెలిసింది? తనకు ముందే తెలిసినది ఇప్పుడు అందరికీ తెలిసిందని. ఆమె మాతో అన్న మాట ఇది: "మేడం, మా అమ్మకు పప్పుధాన్యాల గింజలు చేత్తో పట్టుకుంటే తేమ తెలుస్తుంది. మా నాయినకు అడవిలో ప్రతి చెట్టూ తెలుసు. ఆ ప్రశ్న ఒక్కటీ అడగలేదు." ప్రశ్నలు ఎవరు రాస్తారో వాళ్ల ఇల్లే గీతకు ముందుంటుంది. మేం బీఎడ్‌లో పరీక్షపత్రం తయారు చేయడం నేర్చుకున్నాం, ఈ ముక్క అక్కడ ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత అదే ఏడు దీపావళి ముందు ఆఫీసులో 'కల్చర్ డే' అన్నారు. ఒక్కొక్కరు తమ ప్రాంతపు వేషం వేయాలి. ఈమెను "గుస్సాడీ ఆడు" అన్నారు. కనక రాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు టీవీలో చూసి ఉంటారు, నెమలి ఈకల టోపీ బాగుంటుంది. దండారిలో గుస్సాడీ వేసేది మగవాళ్లు, అదీ దీక్షతో అని ఈమె చెప్పింది. "పర్లేదు, ఫన్ కోసమే కదా" అన్నారు. ఆ వారమే దండారికి ఇంటికి వెళ్తానని సెలవడిగితే మాత్రం, "దీపావళికి రెండు రోజులిచ్చాం కదా, ఇంకెందుకు?" అన్నారు. ఆట కావాలి, ఆడే రోజుకు సెలవు ఇవ్వరు. ఆమె ఉద్యోగం వదిలి వచ్చేసింది.

ఇక్కడ ఆగి కొంచెం చరిత్ర. ఇలాంటి ట్రైనింగులు పుట్టింది అమెరికాలో. 1964లో అక్కడ పౌరహక్కుల చట్టం వచ్చాక, ఉద్యోగాల్లో జాతి, రంగు చూసి తేడా చూపిస్తే కోర్టు కేసులు పడడం మొదలైంది. కంపెనీలు మేనేజర్లకు పాఠాలు చెప్పించాయి. 2018లో ఫిలడెల్ఫియాలోని ఒక స్టార్‌బక్స్ కాఫీ షాపులో ఊరికే కూర్చున్న ఇద్దరు నల్లజాతి యువకులను పోలీసులు పట్టుకెళ్లారు. గొడవై, మే 29న ఆ కంపెనీ అమెరికాలో దాదాపు 8,000 షాపులు మధ్యాహ్నం మూసేసి ఉద్యోగులందరికీ వివక్ష గురించి పాఠం చెప్పించింది. ఒక్క పూట పాఠంతో మనసు మారుతుందా అని అప్పుడే చాలామంది అడిగారు. ఫ్రాంక్ డాబిన్, అలెగ్జాండ్రా కాలెవ్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు 800కు పైగా అమెరికా కంపెనీల మూడు దశాబ్దాల లెక్కలు చూసి 2016లో రాసింది ఏమిటంటే, బలవంతపు ట్రైనింగ్ వల్ల పెద్దగా ఫలితం లేదు, కొన్నిచోట్ల ఎదురు తిరిగింది కూడా. కొత్తవాళ్లకు ఒక సీనియర్‌ను తోడుగా పెట్టడం, ఎవరిని తీసుకున్నారు, ఎవరిని పైకి తెచ్చారు అని మేనేజర్లను లెక్క అడగడం, ఇవి పనిచేశాయి. బడిలో మేం చూసేదీ ఇదే. నీతికథ చెప్తే పిల్లలు వింటారు, హాజరు రిజిస్టర్ తెరిస్తే వస్తారు.

ఆ లెక్క అడగడం మన దగ్గర ఎనభై ఏళ్ల కిందటే ఒకరకంగా జరిగింది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక, నిజాం ప్రభుత్వం గోండుల సంగతి తెలుసుకోమని హైమన్‌డార్ఫ్ గారిని పంపింది. ఆస్ట్రియాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త. భార్య బెట్టీతో మార్లవాయిలో మన మధ్యే గుడిసె వేసుకుని ఉన్నారు. గోండి నేర్చుకున్నారు. గోండు యువకులనే టీచర్లుగా తయారు చేసే శిక్షణ కేంద్రం అక్కడే పెట్టించారు. అధికారులు జాతరకు వచ్చి కింద కూర్చుని మన గోడు వినే దర్బారు ఆయన కాలం నుంచే సాగుతోంది. అందరూ ఆయన్ని దేవుడనడం మాకు కొంచెం ఇబ్బందే, నిజాం సర్కారు పంపిన మనిషి అనేది మరవకూడదు. కానీ పాలించే వాళ్లు ముందు మనిషి దగ్గర కూర్చుని భాష నేర్చుకోవాలి, తర్వాత ఆ మనుషుల్లోంచే టీచర్లను తయారు చేయాలి అనే వరస సరైనది. ఈరోజు ఏ కంపెనీ ట్రైనింగ్‌లోనూ ఆ వరస మాకు కనపడలేదు. ఇద్దరి సమాధులూ మార్లవాయిలోనే ఉన్నాయి. చూడని వాళ్లు ఒకసారి వెళ్లి రండి.

సరే, వాళ్లను అన్నాం. ఇప్పుడు మమ్మల్ని.

మా హాస్టల్ కూడా పనిచేసే చోటే. మేమూ అక్కడ పెద్దలమే. కొన్నేళ్ల కిందటి దాకా హాస్టల్లో గోండి మాట్లాడితే రూపాయి జరిమానా పెట్టాం. పిల్లలకు తెలుగు రావాలనే. మాట్లాడిన వాళ్ల పేరు బోర్డు మీద రాయించాం కూడా. గోండి ఇంట్లో పుట్టిన మేమే! ఒక ఆరో తరగతి పాప మూడు నెలలు నోరు విప్పలేదు. మూగదేమో, డాక్టర్‌కు చూపిద్దామని అనుకున్నాం. ఆ పాప మూగది కాదు, రూపాయి లేనిది.

ఇంకొకటి. కోలాం పిల్లలూ, తోటి పిల్లలూ మా దగ్గర ఉంటారు. ప్రభుత్వం లెక్కలో వాళ్లు అతిబలహీన గిరిజన సమూహాలు. మన గోండు పిల్లలు వాళ్ల వరసలో కూర్చోవడానికి వెనకాడితే మేం చూసీ చూడనట్టు ఊరుకున్నాం. మనకు కథలు పాడి మన వంశాల చరిత్ర కాపాడిన ప్రధాన్‌లను, తోటీలను మన ఇళ్లలోనే ఎక్కడ కూర్చోబెడతామో మీకు తెలుసు. పట్నంలో మనను నవ్వినట్టే ఇక్కడ మనం నవ్వుతాం. ఇప్పుడు బంతిలో కూర్చునే వరస వారానికోసారి చీటీ తీసి మారుస్తున్నాం. జరిమానా తీసేశాం. అన్నీ మారిపోయాయని చెప్పం, నిన్ననే ఒక గొడవ పరిష్కరించి వచ్చాం. పెద్దలు ఏమీ అనుకోకపోతే, ఈ వేదిక మీద ఎంతమంది ఆడవాళ్లున్నారో కూడా ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు మీకు పనికొచ్చే మాటలు. ప్రైవేటు కంపెనీలో రిజర్వేషన్ లేదు. అయినా "కోటాలో వచ్చావా?" అని అడుగుతారు. లేదని చెప్పండి. ప్రభుత్వ ఉద్యోగమైతే, అవును అని తల ఎత్తి చెప్పండి. కేంద్రంలో 7.5 శాతం, తెలంగాణలో 2022 నుంచి 10 శాతం. అది ఎవరి దయా కాదు.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989 నాటిది, 2015లో సవరించారు. ఎస్టీ అని తెలిసి, కావాలని నలుగురి ముందు అవమానించినా, కులం పేరుతో తిట్టినా ఆఫీసైనా సరే అది నేరం. ప్రతి జోకూ దీనికిందికి రాదు, పోలీసు స్టేషన్‌కు పరుగెత్తే ముందు తేదీ, సమయం, ఎవరున్నారు, ఏమన్నారు అన్నది వాళ్లు అన్న మాటల్లోనే రాసి పెట్టుకోండి. కేంద్ర ప్రభుత్వ శాఖల్లోనూ ప్రభుత్వరంగ సంస్థల్లోనూ ఎస్సీ, ఎస్టీల కోసం లైజన్ ఆఫీసర్ ఉంటారు. చేరిన వారంలోనే ఆ పేరు కనుక్కోండి. రాజ్యాంగంలోని 338ఎ అధికరణం కింద జాతీయ ఎస్టీ కమిషన్ ఉంది, విచారణలో దానికి సివిల్ కోర్టు అధికారాలున్నాయి. అమ్మాయిలకు 2013 చట్టం ఉంది. పది మంది పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద అంతర్గత కమిటీ ఉండాలి, ఉద్యోగులకు అవగాహన తరగతులూ పెట్టాలి. ఆ చట్టం తరగతులను తప్పనిసరి చేసింది కాబట్టే అవి జరుగుతున్నాయి. ఆదివాసీల గురించి ప్రైవేటు కంపెనీలో చెప్పి తీరాలనే చట్టం ఏదీ లేదు. అందుకే వాళ్ల స్లైడ్లలో ఆడవాళ్లుంటారు, వికలాంగులుంటారు, ఉండాల్సిందే. మనం గుస్సాడీ బొమ్మగా ఉంటాం.

మీలో కొందరు రేపు టీమ్ లీడర్లవుతారు. అప్పుడు ఒకటే అడుగుతున్నాం. కొత్తగా వచ్చిన మనిషిని పేరు ఎలా పలకాలో అడిగి, రెండుసార్లు పలికి చూసుకోండి. పండక్కి సెలవడిగితే ఆ పండగ ఏమిటో తెలుసుకుని ఇవ్వండి. గీత మీద నిలబెట్టే ఆట మీ చేతికొస్తే, ప్రశ్నలు మార్చండి. అడవి దారి తెలుసా, రెండు భాషలకు మించి వచ్చా, ఎనిమిదేళ్లకే ఇంటికి దూరంగా ఉండి చదువుకున్నారా అని అడగండి. ఎవరు ముందుకొస్తారో చూద్దాం.

ఆ ఆత్రం అమ్మాయి ఇప్పుడు వేరే చోట పనిచేస్తోంది. పాత కంపెనీ నుంచి ఈ మధ్య ఫోన్ వచ్చిందట, తమ ట్రైనింగ్‌లో వచ్చి మాట్లాడమని. వెళ్లాలా వద్దా అని మమ్మల్ని అడిగింది. ఈసారి మేం సలహా ఇవ్వలేదు. "ఎంత ఇస్తామన్నారు?" అని అడిగాం. "ఏమీ అనలేదు మేడం" అంది. "ముందు అది అడుగు. ట్రైనర్‌కు ఇచ్చారు కదా" అన్నాం. ఇంకా జవాబు రాలేదు.

భోజనాల తర్వాత మేం ముగ్గురం ఆ వేపచెట్టు కింద కూర్చుంటాం. ఉద్యోగాలకు వెళ్తున్న వాళ్లు, వెళ్లి వచ్చేసిన వాళ్లు రండి. ఆఫర్ లెటర్ ఉంటే ఫోన్లో తెచ్చుకోండి, కలిసి చదువుదాం. గోండిలో మాట్లాడినా జరిమానా లేదు. రామ్ రామ్.