రేల చెట్టు - దాని పెంపకము
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



గ్రామమునకు చెట్లు అవసరమని మీకు వేరుగ చెప్పనక్కరలేదు. ఏటేటా తొలకరికి మొక్కలు నాటుచునే యున్నారు. నాటినవానిలో ఎన్ని బ్రదికినవని అడిగినప్పుడు మాత్రము సభలో మాట సన్నగిల్లును. తెలంగాణమున 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము నర్సరీని, మొక్కల సంరక్షణను గ్రామపంచాయతీ బాధ్యతగనే చేసినది. కనుక ఏ చెట్టును ఎన్నుకొనవలెనను విషయము చిన్నది కాదు.

త్వరగా పచ్చబడునని ఇటీవల పెక్కు గ్రామములు కోనోకార్పస్ మొక్కను బాటల వెంట నాటినవి. తరువాత దాని పుప్పొడిని గూర్చియు, వేళ్ళను గూర్చియు ఫిర్యాదులు బయలుదేరినవి. 2023లో గుజరాత్ ప్రభుత్వము దానిని నాటుటనే నిషేధించినది. మన అడవులలో తనంతట పెరుగు రేల కన్నులయెదుట నుండగా అంత దూరము పోవలసిన పని యేమున్నదని మేము అడుగుచున్నాము.

రేల మీరెరుగని చెట్టు కాదు. ఎండలు ముదిరినప్పుడు ఆకురాల్చి, కొమ్మకొమ్మకు పసుపు గుత్తులు వ్రేలాడవేయును. తంగేడు పూవును పసుపే గాని అది పొద. ఇది 30, 40 అడుగులు పెరుగు వృక్షము. కేరళీయులు విషు పండుగనాడు తొలుత చూచు పూవు ఇదియే. థాయిలాండునకు ఇది జాతీయ పుష్పము. ఆయుర్వేదమున ఆరగ్వధమని పేరు. కాయలోని నల్లని గుజ్జు విరేచనకారి. పాఠశాల ఆవరణలో నాటినచో పిల్లలు దానిని నమలకుండ ఉపాధ్యాయులతో చెప్పియుంచవలెను.

గుణముతోపాటు లోపమును చెప్పవలెను. నడివేసవిలో దీని నీడ పలుచన. బస్సుకొరకు జనము నిలుచుచోట కానుగయో వేపయో నాటుడు. గుడి ముంగిలి, పంచాయతీ కార్యాలయము, ఊరి ప్రవేశము రేలకు తగిన తావులు. విద్యుత్తు తీగల క్రింద వలదు. నీరు నిలుచు పల్లమున బ్రదుకదు; గులకతో గూడిన ఎఱ్ఱనేలలో బ్రదుకును.

విత్తనము సంగతి శ్రద్ధగ వినుడు. పలువురు ఓటమి చెందునది ఇక్కడనే. గొట్టమువంటి నల్లని కాయను పగులగొట్టినచో అరకొక గింజ యుండును. గుజ్జు కడిగి నీడను ఆరబెట్టవలెను. గింజ పైతొక్క మిక్కిలి గట్టిది. ఊరకే విత్తినచో నెలల తరబడి మొలవక, నర్సరీవారు సంచిని పారవేయుదురు. మరిగిన నీటిని పొయ్యిమీదినుండి దించి, గింజలను వేసి, మరునాటి వరకు అందే నాననిండు. ఉబ్బినవానిని వెంటనే విత్తుడు. ఉబ్బనివానిని గరకురాతిమీద ఒక ప్రక్క కొంచెము అరగదీసి మరల నానబెట్టుడు. అరగదీయునప్పుడు మొలక వెడలు కొనను ముట్టరాదు.

వేసవిలో విత్తిన మొక్కను ఆ తొలకరికే బాటమీదకు తేవలదు. జానెడు మొక్కను నాటి లెక్క పూర్తిచేసికొనుటకంటె, ఇంకొక యేడు నర్సరీలో నుంచి, నడుమెత్తు పెరిగినపిదప నాటుట మేలు. రెండడుగుల గుంట మే నెలలోనే త్రవ్వి ఎండనిండు. పైమట్టిలో చివికిన పశువుల యెరువు కలిపి నింపవలెను. మొక్క మొక్కకు 20 అడుగుల యెడముండవలెను. ప్లాస్టిక్ సంచిని కోసి తీసివేసిన పిదపనే గుంటలో నిలుపుడు. సంచితోనే పాతిన మొక్కలను మేము పెక్కుచోట్ల చూచితిమి.

పశువులును మేకలును రేల ఆకును అంతగా మేయవు. అట్లని కంచె మానరాదు. పశువు ఒరసికొన్న చాలు, లేతకాండము విరుగును. మొదటి రెండు వేసవులు నీరు పోయువానిని పేరుపెట్టి నియమించి, తీర్మాన పుస్తకమున వ్రాయుడు. పూత శీఘ్రముగ రాదు. నాటించిన సర్పంచి తన అయిదేండ్ల పదవీకాలమున పూవును చూడకపోవచ్చును. తరువాత వచ్చువారికి ఆ వరుసను పట్టికతో సహా అప్పగించవలెను.

లేత పసుపు సీతాకోకచిలుకలు దీని యాకులమీద గ్రుడ్లు పెట్టును. ఆకుపచ్చని పురుగులు ఒక్కొక్కప్పుడు కొమ్మను బోడి చేయును. భయపడి మందు చల్లింపవలదు. ఎదిగిన చెట్టు మరల చిగిర్చును. లేతమొక్కనైనచో పురుగులను చేతితో ఏరివేసిన చాలును.