పాతబస్తీలో తెల్లవారుజాము పరుగు

చార్మినారు చుట్టును జనుల సందడి అణగియుండు కాలము దినమంతటిలో మిక్కిలి స్వల్పము. రాత్రి అంగళ్లవారు తలుపులు వేసికొని ఇండ్లకు పోయిన పిమ్మట, ఉదయము పాలబండ్లును కూరగాయల ఆటోలును బయలుదేరుటకు ముందు, రెండు మూడు గంటల సేపు ఆ వీథి ఊడ్చు స్త్రీలది, పావురములది, కుక్కలది. ఆ కాలములో కడపటి గంటను మేము పుచ్చుకొన్నాము. ఐదు గంటలకు గుల్జార్‌హౌజు వద్ద కలిసికొని, ఆరు దాటిన కొలది నిమిషములకు వీథిని వీథివారికి ఒప్పగించి వచ్చెదము.

మేము పదునొకండుగురము. లాడ్‌బజారున లక్కగాజులు చేయువారొకరు, దర్జీ ఒకరు, బస్సు డ్రైవరు ఒకరు, పాఠశాల ఉపాధ్యాయిని, ఆమె చెల్లెలు, ఇరువురు కళాశాల విద్యార్థులు, మందుల దుకాణమున పనిచేయు యువకుడు, పత్తర్‌గట్టీలో ముత్యముల వ్యాపారి వద్ద లెక్కలు వ్రాయువారొకరు, పదవీ విరమణ చేసిన పెద్ద గుమాస్తాగారు. మిగిలిన ఒక్కరిది రేడియో ఉద్యోగమగుటచే ఈ మాటలు చెప్పు పని వారిపై బడినది. చెప్పునది మాత్రము అందరి సంగతి గనుక 'మేము' అనియే చెప్పుచున్నాము. మాలో పతకములు గెలిచినవారు లేరు. గెలువవలెనను కోరికయు లేదు. 2007లో ఏర్పడిన హైదరాబాదు రన్నర్స్ సంఘమువారు ఆగస్టు మాసమున జరుపు మారథానులో మా విద్యార్థు లిరువురు సగము దూరపు పరుగునకు పోయి, ఫ్లైఓవరుల ఎత్తులను తిట్టుకొనుచు తిరిగివచ్చిరి. మా కీర్తి అంతవఱకే.

మా బాట మాత్రము కీర్తిగలదే. 1591లో నిలిచిన చార్మినారు నొద్ద ఆరంభించి, మక్కామసీదు ప్రక్కగా శాలిబండ, అలియాబాదు, శంషీర్‌గంజి, ఇంజన్‌బౌలి మీదుగా ఫలక్‌నుమా వఱకు పోవుట సుమారు ఐదు కిలోమీటరులు. తిరిగి వచ్చుట మరి ఐదు. కొండమీద మేడ కట్టిన వికారుల్ ఉమ్రాగారు 1884లో ఆ స్థలమును ఎన్నుకొన్నది దృశ్యసౌఖ్యము కొఱకు కాబోలు, దాని ఫలితము మా పిక్కలకు తెలియును. పోవునపుడు ఎత్తు, వచ్చునపుడు పల్లము. అలసినవానికి ఇది న్యాయమైన ఏర్పాటు. ఎత్తు వలదనుకొన్న దినమున ఉత్తరముగా నయాపూలు దాటి మూసీ ఒడ్డునకు పోయెదము. 1908 సెప్టెంబరు 28న ఆ నది ఊరిని ముంచిన సంగతి మా గుమాస్తాగారు ప్రతిసారియు చెప్పెదరు. అదే సంవత్సరము జూలైలో లండనులో జరిగిన ఒలింపిక్ పరుగునకు ఇరువది ఆరు మైళ్ల మూడువందల ఎనుబది ఐదు గజముల దూరము పెట్టిరనియు, తరువాత 1921లో అదియే మారథానుకు స్థిరమైన కొలత అయ్యెననియు విద్యార్థులు బదులు చెప్పెదరు. ఇట్లు ఒక్క సంవత్సరమును పట్టుకొని వారు వంతెన దాటెదరు.

ఉపాధ్యాయినియు ఆమె చెల్లెలును తక్కినవారితో ఫలక్‌నుమాకు వచ్చుట వెలుగు త్వరగా వచ్చు మాసములలో మాత్రమే. మే చివర మన ఊర సూర్యోదయము 5.40 ప్రాంతమున, జనవరిలో 6.45 దాటవలెను. ఆ చీకటి నెలలలో వా రిరువురు గుల్జార్‌హౌజునకు చార్మినారునకు నడుమ, వాహనములు రాకుండ రాతిపలకలు పరచిన మేరలో, ఇటునుండి అటు తిరుగుచుందురు. అక్కడ ఊడ్చు స్త్రీలు ఉందురు గనుక ధైర్యము. ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు మారథాను పెట్టుటకు 1984 వఱకు పట్టిన లోకమిది. పాతబస్తీలో ఇద్దరు సోదరీమణులకు కొలది గజముల వెలుగు దొరకుట చిన్న సంగతి కాదని మా అభిప్రాయము. చాలునని మాత్రము అనుకొనుట లేదు.

పరుగు ముగిసిన పిమ్మట ఇరానీ చాయ్ హోటలునకు చేరెదము. అక్కడ గల్లాపెట్టె క్రింద మా నోటుపుస్తకము ఉండును. తేది, నిద్ర, దూరము, నొప్పి, ఇంటిపని అని ఐదు గడులు. తెలుగు వ్రాయువారు ముందటి అట్ట నుండి మొదలుపెట్టిరి. ఉర్దూ కుడినుండి ఎడమకు సాగు లిపి గనుక గాజులవారు, దర్జీ, ముత్యముల గుమాస్తా వెనుకటి అట్టనుండి వ్రాయుచు వచ్చిరి. ఇరుప్రక్కల వ్రాతయు పుస్తకము నడుమ కలిసికొనునప్పుడు క్రొత్త పుస్తకము కొందుము. ఒకరి లిపి రానివారికి మరియొకరు చదివి వినిపించవలెను. అందుచే ఎవరి సంగతియు ఒక్క జత కన్నులతో ఆగిపోదు.

ఆ ఐదవ గడిని ఏల పెట్టితిరని అడిగినవారు కలరు. పరుగునకు సంబంధించిన నిజమంతయు అందులోనే ఉన్నది. 'నల్లా దినము' అని ఉన్నచో ఆయన రాత్రి మూడింటికి లేచి నీళ్లు పట్టియుండెను; ఆనాడు వేగమును గూర్చి ఎవరును మాటలాడరాదు. 'పెండ్లిండ్లు' అని గాజులవారు వ్రాసినచో, కొలిమి వేడికి లక్క సాగదీయుచు దినమంతయు బాసిపట్టు వేసికొని కూర్చుండెనని అర్థము. మొదటి కిలోమీటరు ఆయనతో అందరును నడువవలెను. ఆషాఢమున లాల్‌దర్వాజా బోనాల ఆదివారము, వినాయక నిమజ్జనము నాడు, మొహర్రములో బీబీకా ఆలం ఊరేగింపు నాడు దారి మాది కాదు. ఇవి ముందే వ్రాసి పెట్టుకొందుము.

రంజాను సంగతి వేరు. చాంద్రమాన మగుటచే ఆ మాసము ఏటేట పదునొకండు దినములు వెనుకకు జరుగును. 2018లో మే, జూను మాసముల మండుటెండలో వచ్చినది 2025లో మార్చిలోనే వచ్చినది. ఉపవాసమున్నవానికి తెల్లవారి పది కిలోమీటరులు పరుగెత్తి దినమంతయు నీరు లేకుండ ఉండుట మూర్ఖత్వము. రాత్రి తరావీ నమాజు తరువాత పరుగెత్తుదమన్నచో పాతబస్తీ అంతయు బజారులోనే ఉండును. అందుచే మా వారు ఇఫ్తారునకు అరగంట ముందు రెండు మూడు కిలోమీటరులు మెల్లగా సాగి, గొంతు ఎండునప్పటికి ఖర్జూరము, నీరు చేతికి వచ్చునట్లు చూచుకొందురు. ఆ నెల రోజులు ఉపవాసము లేనివారమును సాయంకాలమే పోయెదము. హలీము కొఱకు పోవుచున్నామని కొందరు అపవాదు వేయుదురు. పూర్తిగా అసత్యము కాదు.

ఇట్లు బ్రతుకుతెరువుల సందులలో పరుగు ఇరికించుకొనుట మా క్రొత్త విద్య కాదు. న్యూజీలాండునకు చెందిన ఆర్థర్ లిడియార్డు అను శిక్షకుడు బూట్ల కర్మాగారమున పనిచేయుచు, వేకువను ఇంటింటికి పాలు వేయుచు, మిగిలిన వేళలలో తన దేహముమీదనే పరుగును పరీక్షించుకొన్నవాడు. ఆయన శిష్యులలో పీటర్ స్నెల్, మర్రే హాల్బర్గు అనువారు 1960 రోము ఒలింపిక్సులో ఒకే దినమున రెండు స్వర్ణపతకములు గెలిచిరి. మా వంటివారికి అంతకంటె ముఖ్యమైనది 1962లో ఆక్లండు నగరమున ఆరంభమైన జాగింగు సంఘము. గుండెజబ్బుపడి లేచినవారును అందులో ఉండిరి. లిడియార్డు వారికి పెట్టిన నియమ మొక్కటే: ప్రక్కవానితో మాటలాడగలిగినంత వేగముననే పరుగెత్తుడు, మాట ఆగినచో కాలును ఆపుడు. గడియారము లేనివానికిని చేతనగు పరీక్ష ఇది.

1953లో లాన్సెట్ పత్రికలో వెలువడిన మరియొక సంగతి మా బస్సు డ్రైవరుగారికి మిక్కిలి ప్రీతి. జెరెమీ మారిస్ అను వైద్యుడును ఆయన సహచరులును లండను రెండంతస్తుల బస్సులలో పనిచేయువారిని పరిశీలించిరి. దినమంతయు కూర్చుండి బస్సు నడుపువారికంటె, మెట్లెక్కి దిగి టిక్కెట్లు కొట్టు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా కనబడినది. "అంటే నా సీటే నాకు దుష్మన్ అన్నట్టు!" అని మా డ్రైవరన్న పెద్దగా నవ్వెను. ఆయన మాలో చేరినది ఆ సంగతి విన్న తరువాతనే.

ఈ ప్రసంగము ఆయన కొఱకే. చెప్పుటకు ఆయన అనుమతి కలదు.

డ్రైవరన్న మాలో అందరికంటె మాటకారి. శంషీర్‌గంజి ఎత్తున మేమందరము రొప్పుచుండగా ఆయన ప్రయాణికుల కథలు చెప్పుచుండెడివాడు. గత చలికాలమున ఒక వారము ఆ కథలు నిలిచిపోయినవి. అలియాబాదు దాటగానే బూటు లేసు ఊడినదని ఆయన వంగును. మేము ముందునకు పోదుము. రెండవనాడును లేసు, మూడవనాడును లేసు. ఎనిమిది దినములు ఇట్లు జరిగినది. మేమందరము చూచితిమి, ఎవరును అడుగలేదు. పెద్దవాడు, అలసినాడేమో, అడిగినచో చిన్నబుచ్చుకొనునని ఊరకుంటిమి. పుస్తకమున మాత్రము ఆయన ప్రతిదినము 'పది కిలోమీటరులు, నొప్పి లేదు' అని గుండ్రని అక్షరములతో వ్రాయుచుండెను. మాట ఆగినచో కాలు ఆపవలెనని పదిమందికి చెప్పెడివారము, ఆగిన మాటను మర్యాద క్రింద కప్పివేసితిమి.

తొమ్మిదవనాడు ఉపాధ్యాయిని హోటలులో అడిగెను: "అన్నా, మీ లేసు రోజూ అలియాబాదులనే ఎందుకు ఊడుతుంది?"

ఆయన నవ్వబోయి మానెను. ఎత్తు ఎక్కునపుడు రొమ్ము మధ్య రాయి పెట్టినట్లు బిగియునట. నిలిచిన రెండు నిమిషములకు పోవునట. ఇంట చెప్పలేదు. "డాక్టరు కాగితం మీద గుండె అని రాస్తే స్టీరింగు పోతది. ఇద్దరు పిల్లల ఫీజులు కట్టాలె. ఆ పుస్తకంల రాయకుండ్రి," అనెను.

ఆనాడును మరునాడును మాలో మాకు వాదము జరిగినది. ఒకని జీవనోపాధి మన చాయ్ బల్లమీద తేల్చు సంగతి కాదని గుమాస్తాగారి పక్షము. శ్రమకు వచ్చి విశ్రాంతికి పోవు రొమ్ముబాధ గుండెకు రక్తము చాలనందువలన కావచ్చునని మందుల దుకాణపు యువకుడు చెప్పెను. దర్జీ ఇద్దరి మాటయు సబబే అనెను. ఆయన అలవాటు అది. చివరకు ఉపాధ్యాయినియే, "అన్న వెనుక సీట్లలో నలభైమంది కూసుంటరు. వాళ్ల పిల్లల ఫీజులు ఎవరు కడతరు?" అనెను. గుమాస్తాగారు చాయ్ సాసరులో పోసికొని చాలసేపు త్రాగలేదు. డ్రైవరన్న ఆ సాయంకాలమే సెలవు వ్రాసి ఇచ్చెను.

ఆయన వెంట మాలో ఇద్దరము పోయితిమి. విశ్రాంతిగా పడుకొనబెట్టి తీసిన ఇ.సి.జి.లో ఏ దోషమును కనబడలేదు. డ్రైవరన్న చొక్కా గుండీలు పెట్టుకొనుచు లేచెను. "బాధ ఎప్పుడెప్పుడు వచ్చును?" అని వైద్యురాలు అడుగగా, ఎప్పుడో ఒకసారి వచ్చినదనెను. రుజువు చూపుదమని మా యువకుడు తెచ్చిన పుస్తకము తెరచెను. ఎనిమిది దినములును 'నొప్పి లేదు'. మా పుస్తకమే మాకు ఎదురు సాక్ష్యము చెప్పినది. అప్పుడు బూటు లేసు కథ చెప్పవలసి వచ్చినది. వైద్యురాలు నవ్వలేదు; ట్రెడ్‌మిల్ పరీక్ష వ్రాసిరి. నడక ఆరంభించిన కొలది నిమిషములకే యంత్రము నాపి, ఆయనను కూర్చుండబెట్టిరి. తరువాత ఆంజియోగ్రాము, ఒక రక్తనాళము చాలవఱకు మూసికొనియుండెను, స్టెంటు వేసిరి.

శ్రోతలలో ఎవరికైనను మేడమెట్లు ఎక్కునపుడు ఇట్టి బిగువు వచ్చి, నిలిచినంతనే పోవుచున్నచో, పోయినది గదా అని ఊరకుండవలదని డ్రైవరన్న ప్రత్యేకముగా చెప్పుమనిరి. పడుకొన్నప్పుడు తీసిన ఇ.సి.జి. బాగున్నంతమాత్రమున ఆ సంగతి ముగియదనియు చెప్పుమనిరి.

నెలన్నర తరువాత ఆయన హోటలునకు వచ్చి, మొట్టమొదట ఆ ఎనిమిది దినముల కాగితము చింపివేయుదుననెను. చూడగా ఆ కాగితము పుస్తకమునకు సరిగా నడుమది. దాని రెండవ ప్రక్కను గాజులవారి ఉర్దూ వ్రాత ఉన్నది. వారి కుమార్తె పెండ్లి కుదిరిన దినము ఆ గడులలోనే వ్రాయబడియుండెను. చింపుటకు గాజులవారు ఒప్పుకొనలేదు. డ్రైవరన్న కొంతసేపు కలము త్రిప్పుచు కూర్చుండి, ఎనిమిది చోట్ల 'లేదు' అనుదానిని కొట్టివేసి 'ఉండె' అని వ్రాసెను.

ఉద్యోగము సంగతి ఇంకను తేలలేదు. ప్రస్తుతము ఆయనకు కూర్చుండి వ్రాయు పని ఇచ్చిరి. రాబడి కొంత తగ్గినది. పెద్దకుమారుడు సాయంకాలములు ఒక దుకాణమున పనికి కుదిరెను. తప్పు చేయించితిమా అని గుమాస్తాగారు ఒకటి రెండుసార్లు మాతో రహస్యముగా అనిరి. ఉపాధ్యాయినితో మాత్రము అనలేదు.

వైద్యుల అనుమతిమీద ఆయన ఇప్పుడు శాలిబండ వఱకు నడచి వచ్చి, మాకంటె ముందు హోటలునకు చేరి, పుస్తకము తన ముందు పెట్టుకొని కూర్చుండును. ఎవరు వచ్చినను కలము చేతికి ఈయక మునుపు నోటితో చెప్పించుకొనును. మొన్న దర్జీని నిలబెట్టి, మక్కామసీదు మలుపున ఎడమకాలు ఏల ఈడ్చుచున్నావని అడిగెను. ఏమియు లేదని దర్జీ అనెను. డ్రైవరన్న కలము జేబులో పెట్టుకొని, మరియొక చాయ్ తెప్పించి, "చెప్పు భాయ్, నాకేం డ్యూటీ లేదు పొద్దున," అని కుర్చీ దగ్గరకు లాగెను.