శాలువా కప్పి పంపవద్దు, కూర్చోబెట్టి అడుగుదాం

(పదో తరగతి, ఇంటర్, వృత్తివిద్యా ప్రవేశ పరీక్షలలో ప్రతిభ చూపిన విద్యార్థుల అభినందన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉద్యోగ విరమణ చేసి ఆరేళ్లయింది. అంతకుముందు ముప్పై మూడేళ్లపాటు ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఫైళ్ల మధ్యనే కాలం గడిపాము. ఆ తరువాత ఈ సంఘంలో చేరి, ఏటా ఈ సభ ఏర్పాట్లలో పాలుపంచుకొంటున్నాము. ఈ సభలు ఎలా జరిగేవో, ఎలా మారాయో, ఎందుకు మారవలసి వచ్చిందో చెప్పడానికే మీ ముందు నిలబడ్డాము.

మొదట్లో మన సభ అన్ని సన్మాన సభలవంటిదే. పేరు పిలిచేవాళ్లం, శాలువా కప్పేవాళ్లం, జ్ఞాపిక చేతికిచ్చి ఫొటో తీయించేవాళ్లం. పెద్దలు గంటన్నరసేపు మాట్లాడేవారు. ర్యాంకు తెచ్చుకొన్న బిడ్డకు మాత్రం 'అందరికీ ధన్యవాదాలు' అనేంత సమయమే దక్కేది. వెనుక వరుసలలో కూర్చొన్న పిల్లలు చప్పట్లు కొట్టి, బిర్యానీ తిని, వచ్చినట్లే వెళ్లిపోయేవారు. ఆ అక్కకు సీటు ఎలా వచ్చిందో, తమకు ఎలా వస్తుందో వారికి ఎవరూ చెప్పలేదు. వారు అడిగే వీలూ లేదు.

నాలుగేళ్ల క్రితం ఒక సభలో, ఎం.బి.బి.ఎస్. సీటు పొందిన ఒక అమ్మాయి మైకు అందుకొని వెంటనే తిరిగి ఇవ్వలేదు. తండ్రి మెకానిక్, తల్లి ఇంటివద్ద బట్టలు కుడుతుంది. ఆ బిడ్డ ఇలా అన్నది: "ఈ సీటు నాకు నిరుడే రావలసింది. సర్టిఫికెట్లు చూసే రోజుకు మా చేతిలో బీసీ-ఇ పత్రం లేదు. అది కావాలని మా ఇంట్లో ఎవరికీ ముందుగా తెలియదు. తెలిసి పరుగెత్తితే, మా అబ్బాను మూడుసార్లు రేపు రండి అన్నారు. ఇంకో ఏడాది కోచింగుకు మా అమ్మీ తన గొలుసు తాకట్టు పెట్టింది."

సభ నిశ్శబ్దమైపోయింది. ఆ కార్యాలయం ఏదో ఆ బిడ్డ చెప్పలేదు, మేమూ అడగలేదు. అడిగే ముఖం మాకు లేదు. ఎందుకంటే ఆ 'రేపు రండి' అనే మాటను మా కుర్చీలో కూర్చొని మేమూ ఎన్నోసార్లు అన్నాము. పని ఒత్తిడి నిజమే, సిబ్బంది కొరతా నిజమే. అయినా, ఆ మాట విని వెనుదిరిగిన మనిషి ఆ రోజు కూలి పోగొట్టుకొన్నాడనీ, అతని వెనుక ఒక బిడ్డ ఏడాది వేచి ఉన్నదనీ ఎన్నడూ ఆలోచించలేదు. ముప్పై మూడేళ్ల ఉద్యోగం నేర్పనిది ఆ బిడ్డ అయిదు నిమిషాలలో నేర్పింది. అన్నేళ్లూ బిడ్డలకు శాలువాలు కప్పి పంపించామే గాని, వారు చెప్పగలిగినది వినలేదని ఆ రోజే అర్థమైంది.

మిత్రులారా, విజయం ఒక్కరిదే కావచ్చు, కాని ఆ విజయానికి దారి ఎక్కడెక్కడ తెగిందో, ఎలా అతుక్కొన్నదో తెలిస్తే అది పదిమందిదవుతుంది. పతకాన్ని చూసి పిల్లవాడు ఆశ్చర్యపోతాడు. దారిని విన్నప్పుడే నడవాలనుకొంటాడు.

అందరికీ తెలిసిన వారినే చూద్దాం. అబ్దుల్ కలాం గారిని క్షిపణి శాస్త్రవేత్తగా, రాష్ట్రపతిగా మన పిల్లలు ఎరుగుదురు. మద్రాసులో ఇంజనీరింగు ప్రవేశానికి డబ్బు లేనప్పుడు ఆయన అక్క జొహరా తన బంగారం తాకట్టు పెట్టిన సంగతి ఎందరికి తెలుసు? వైమానిక దళంలో పైలట్ కావాలని డెహ్రాడూన్ వెళ్లి, ఎనిమిది మందిని తీసుకొనే చోట తొమ్మిదో స్థానంలో నిలిచి ఆయన వెనుదిరిగారు. ఈ రెండూ ఆయనే స్వయంగా చెప్పుకొన్నారు. చెప్పుకొన్నందువల్ల ఆయన చిన్నవారు కాలేదు. గొలుసు తాకట్టు పెట్టిన మన ఇంటి తల్లి తన కథను ఆ కథలో చూసుకోగలిగింది.

నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో ఢిల్లీలోనూ ప్రపంచ బాక్సింగ్ విజేత అయింది. అంతకుముందు 2017లో భుజానికి గాయమై, శస్త్రచికిత్స జరిగి, చాలాకాలం రింగుకు దూరమైంది. ఆడపిల్లకు ఈ ఆట ఎందుకన్న మాటలను ఆమె తండ్రి జమీల్ అహ్మద్ గారు భరించారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పతకం లేకుండానే ఆమె తిరిగి వచ్చింది. హైదరాబాద్ ఆటో డ్రైవరు కుమారుడు మహమ్మద్ సిరాజ్, 2020 నవంబరులో తండ్రి మరణవార్త ఆస్ట్రేలియాలో విని, అక్కడే జట్టుతో ఉండిపోయి, రెండు నెలల తరువాత బ్రిస్బేన్ టెస్టులో ఒకే ఇన్నింగ్స్‌లో అయిదు వికెట్లు తీశాడు. ఓటమినీ దుఃఖాన్నీ తీసివేస్తే ఈ కథలలో మన పిల్లలకు పనికివచ్చేది ఏం మిగులుతుంది?

అందుకే నాలుగేళ్లుగా మన సభ పద్ధతి మార్చుకొన్నాము. పెద్దల ప్రసంగాలకు పదిహేను నిమిషాలు మించనివ్వము. విజయం సాధించిన వారు కుర్చీలలో కూర్చొంటారు, తొమ్మిది, పది తరగతుల పిల్లలు ముందు వరుసలో కూర్చొని ప్రశ్నలు వేస్తారు. తల్లులు కూడా అడుగుతారు, ఉర్దూలోనైనా తెలుగులోనైనా. సిగ్గుపడేవారు చీటీమీద వ్రాసి పంపుతారు. అయిదు ప్రశ్నలు మాత్రం తప్పక అడగాలి. ఎక్కడ ఓడిపోయావు? ఎంత ఖర్చయింది, ఆ డబ్బు ఎక్కడిది? ఏ కాగితం కోసం తిరిగావు? ఎవరు చేయి అందించారు? మళ్లీ మొదలుపెడితే ఏం మార్చుకొంటావు? జవాబులన్నీ ఒక పుస్తకంలో వ్రాసి ఉంచుతున్నాము.

ఆ పుస్తకమే మాకు పని చూపించింది. ముస్లింలలోని 14 సామాజిక వర్గాలకు 2007 చట్టం ద్వారా బీసీ-ఇ క్రింద విద్య, ఉద్యోగాలలో 4 శాతం రిజర్వేషన్ లభించింది. దానిని హైకోర్టు కొట్టివేసినప్పటికీ, సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో కొనసాగింది. షేక్, ఖురేషీ, ఫకీరు వంటివారు ఇందులోకి వస్తారు. దూదేకుల, నూర్‌బాషా వారు బీసీ-బీలో ఉన్నారు. ఈ తేడా తెలియక తప్పు దరఖాస్తు పెట్టిన ఇళ్లు మా పుస్తకంలోనే ఉన్నాయి. ఎంత పోరాడి సాధించుకొన్న హక్కయినా, కాగితం వేళకు చేతికి రాకపోతే ఆ బిడ్డకు అది లేనట్లే. అందుకని ఫలితాల దాకా ఆగకుండా, పరీక్షలు ముగియగానే మస్జిదు ప్రక్క గదిలో కూర్చొని దరఖాస్తులు నింపిస్తున్నాము. మేము ఆ అమ్మాయి తండ్రికి తిరిగి ఇవ్వలేని మూడు రోజులకు బదులుగా చేస్తున్న పని ఇది.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. ఒక సిరాజ్‌ను, ఒక నిఖత్‌ను చూపించి, కష్టపడితే చాలు, అడ్డంకులే లేవని ఎవరైనా అంటే నమ్మవద్దు. 6 నుండి 14 ఏళ్ల ముస్లిం పిల్లలలో 25 శాతం మంది బడి ముఖమే చూడలేదనో, మధ్యలో మానేశారనో సచార్ కమిటీ 2006లో తేల్చింది. ఆ పిల్లలు కష్టపడనివారు కారు. వారిలో ఎందరో గ్యారేజీలలో, హోటళ్లలో మన కళ్లముందే కష్టపడుతున్నారు. గెలిచినవారితో మాట్లాడేది వారిని ఆకాశానికెత్తడానికి కాదు. వారు దాటివచ్చిన అడ్డంకులను లెక్కపెట్టి, ప్రభుత్వం తీర్చవలసినవాటిని ప్రభుత్వం ముందు, మనం తీర్చుకోవలసినవాటిని మన ముందు ఉంచడానికి.

ఈసారి మరొక మార్పు చేశాము. సీటు రాని నలుగురు పిల్లలను కూడా పిలిచాము. మొదట వారి తల్లిదండ్రులు సంకోచించారు, పదిమందిలో పరువు పోతుందన్నారు. మేము ఇళ్లకు వెళ్లి, ఇది పరువు మాట కాదు, మీ బిడ్డ ప్రశ్నకు ఇక్కడ జవాబు ఉండవచ్చునని చెప్పాము. వారు వచ్చారు, ముందు వరుసలోనే ఉన్నారు. వారికి మా సలాములు.

విజేతలైన బిడ్డలారా, సంతోషించండి. మీ గెలుపును దాచుకోవలసిన పనిలేదు, మీ అమ్మీ కళ్లలోని తడిని చూసి గర్వపడండి. మేము కోరేది ఒక్కటే. రేపు మీరు డాక్టర్లు, ఇంజనీర్లు, అధికారులు అయిన తరువాత కూడా ఏడాదికి ఒక్క పూట ఈ కుర్చీలో వచ్చి కూర్చోండి. అడిగినదానికి నిజం చెప్పండి. మీలో ఎవరైనా ప్రభుత్వ కుర్చీలో కూర్చొంటే, మీ ముందు నిలబడ్డ మనిషిని రేపు రండి అనే ముందు ఒక్కసారి ఈ సభను గుర్తు చేసుకోండి.

మాకిచ్చిన పదిహేను నిమిషాలు అయిపోయాయి. నాలుగేళ్ల క్రితం మైకు తిరిగి ఇవ్వని ఆ అమ్మాయి ఇప్పుడు వైద్యవిద్య చివరి దశలో ఉన్నది. సెలవు పెట్టి వచ్చి, ఇక్కడే కూర్చొని ఉన్నది. మొదటి ప్రశ్న ఎవరిదో చేయి ఎత్తండి. మేము కూర్చొంటాము.

ఖుదా హాఫిజ్.