నాన్న జబ్బు పేరేమిటి?

సోదరులారా, ఆసుపత్రి పత్రంలో ‘మీ కుటుంబంలో ఎవరికైనా క్యాన్సర్ వచ్చిందా?’ అన్నచోట మనవారు చాలామంది ‘లేదు’ అనే రాయిస్తారు. ఊళ్లో తండ్రి మూత్రం ఆగిపోయి మరణించాడన్నంతవరకే వారికి తెలుసు. ఆ మాటను ఏ భాషలోకి అనువదించినా వ్యాధి పేరు బయటపడదు. అమ్మకు తెలిసే ఉంటుంది. కొడుకు అడగడు, ఆమె చెప్పదు.

తండ్రికో అన్నదమ్ములకో ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చి ఉంటే మనకు ముప్పు సుమారు రెట్టింపు. అట్టివారు 45వ ఏటనే పి.ఎస్.ఏ. రక్తపరీక్షను గురించి వైద్యుని సంప్రదించడం మేలు. తొలిదశలో సాధారణంగా బాధ ఉండదు. అయితే గ్రంథి వాచినా, ఇన్‌ఫెక్షన్ సోకినా ఆ అంకె పెరుగుతుంది. మెల్లగా పెరిగే కొన్ని క్యాన్సర్లకు చికిత్సే అక్కరలేదు. కనుక లాభనష్టాలు ముందే అడిగి తెలుసుకోండి. ఈ పండుగకు ఊరు వెళ్లినప్పుడు ట్రంకుపెట్టెలోని పాత ఆసుపత్రి చీటీలు వెదకి తీసుకురండి.