కరోల్ బాగ్ గదిలో పొట్టి అరటి



ఈరోజు పాఠానికి మనం తోటకో పొలానికో వెళ్లనక్కరలేదు. ఢిల్లీలో కరోల్ బాగ్‌లోని ఒక అద్దె గది చాలు. పోటీ పరీక్షల శిక్షణకు వచ్చిన మన తెలుగు విద్యార్థులు ఆ చుట్టుపక్కల చాలామంది ఉంటారు. పక్కనే ఉన్న ప్రసాద్ నగర్‌లో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ వారి పాఠశాల ఉంది. దుర్గాబాయిగారు 1948లో స్థాపించిన సంస్థ అది. కోనసీమ నుంచో తెనాలి నుంచో వచ్చిన విద్యార్థికి, సెలవుల తరువాత తిరుగు రైలెక్కేటప్పుడు, అమ్మమ్మగారి పెరట్లోని అరటి పిలక ఒకటి సంచిలో పెట్టుకుని వెళ్దామని అనిపిస్తే ఆశ్చర్యం లేదు.

ఆ కోరికలో రెండు ప్రశ్నలున్నాయి. మొదటిది, గదిలో కుండీలో అరటి పెరుగుతుందా? రెండోది, ఆ పిలకను ఊరి నుంచి తేవచ్చా? మొదటి ప్రశ్నకు జవాబు "పెరుగుతుంది, కొన్ని షరతులతో". రెండో ప్రశ్నకు జవాబు "తేవద్దు". ఈ రెండు జవాబులకూ కారణం అరటి మొక్క నిర్మాణంలోనే ఉంది. ముందుగా దానిని చూద్దాం.

మనం అరటి చెట్టు అంటాం కానీ, శాస్త్రరీత్యా అది చెట్టు కాదు, పెద్ద గుల్మం. దానిలో కలప లేదు. మనకు కాండంలా కనిపించేది ఒకదానిని ఒకటి చుట్టుకున్న ఆకుల తొడుగులే. దీనిని మిథ్యాకాండం అంటారు. అసలు కాండం నేలలో ఉండే దుంప. కొత్త ఆకులన్నీ ఆ దుంప కొసన పుట్టి, మధ్యగా పైకి వస్తాయి. సుమారు 30 నుంచి 40 ఆకులు వేశాక ఆ కొసే పూగుత్తిగా మారి, మిథ్యాకాండం మధ్యలోంచి గెలగా బయటికి వస్తుంది. ఒక మొక్క ఒక్కసారే కాస్తుంది. తరువాత దాని పిలక ఆ స్థానం తీసుకుంటుంది.

గదిలో పెంచేవారికి ఈ నిర్మాణంలో రెండు సౌకర్యాలున్నాయి. అరటి వేళ్లలో ఎక్కువ భాగం పై 30, 40 సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటాయి కనుక కుండీ లోతు సరిపోతుంది. పైగా తినే అరటికి పరాగ సంపర్కం అక్కరలేదు. ఫలదీకరణ లేకుండానే కాయ ఊరుతుంది. దీనిని అనిషేక ఫలనం అంటారు. తేనెటీగ రాని గదిలో కూడా గెల వేయగల మొక్క ఇది.

ఇక రకం సంగతి. కుండీకి తగినది పొట్టి కావెండిష్. మహారాష్ట్రలో దీనిని బస్రాయి అంటారు. మన గోదావరి జిల్లాల్లో పొట్టి పచ్చ అరటి అనీ, వామనకేళి అనీ అంటారు. ఇది మనిషి ఎత్తుకు కాస్త అటూ ఇటూగా ఎదుగుతుంది. పొట్టిదనం ఎత్తులోనే సుమా! ఆకులు చాచుకుంటే చుట్టూ రెండు మీటర్ల చోటు కావాలి.

ఈ మొక్క మనను నాలుగు అడుగుతుంది: వెలుగు, వెచ్చదనం, నీరు, చోటు. వీటిలో గది ఇవ్వలేనిది ముఖ్యంగా వెలుగే. ఎండాకాలం మధ్యాహ్నం ఆరుబయట వెలుగు లక్ష లక్సుల దాకా ఉంటుంది. అదే సమయానికి గది మధ్యలో కొన్ని వందల లక్సులే ఉంటాయి. కంటిపాప సర్దుకుంటుంది కనుక ఈ తేడా మనకు తెలియదు. మొక్కకు మాత్రం తెలుస్తుంది.

మీ కిటికీకి ఎండ వస్తుందో రాదో లెక్కవేసి చెప్పవచ్చు. ఢిల్లీ అక్షాంశం సుమారు 28.6 డిగ్రీలు. డిసెంబరు చివరి వారాల్లో సూర్యుడు భూమధ్యరేఖకు 23.4 డిగ్రీల దక్షిణాన ఉంటాడు. 90లోంచి ఈ రెండూ తీసివేయండి. మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు 38 డిగ్రీలు. మీ కిటికీ దక్షిణానికి ఉంది, ఎదుటి సందు వెడల్పు 5 మీటర్లు, సందుకు ఆవలి ఇల్లు 12 మీటర్ల ఎత్తు అనుకుందాం. 38 డిగ్రీల టాంజెంట్ 0.78. అంటే ఆవలి ఇంటి పైకప్పు అంచును తాకి వచ్చే కిరణం, సందు దాటేసరికి 5 × 0.78, దాదాపు 4 మీటర్లు కిందికి దిగుతుంది. కాబట్టి మీ గోడ మీద 8 మీటర్ల పైభాగానికే ఎండ తగులుతుంది. అంతస్తుకు 3 మీటర్ల లెక్కన, నాలుగు అంతస్తుల ఇంట్లో అది పై అంతస్తుకూ, దాని కింది అంతస్తులో పై మీటరుకూ మాత్రమే. కింద అద్దెకున్న వారు ఎంత శ్రద్ధ చూపినా, వారి అరటి శీతాకాలంలో ఎండ చూడదు. జూన్‌లో సూర్యుడు 85 డిగ్రీల ఎత్తున, దాదాపు నడినెత్తిన ఉంటాడు కనుక దక్షిణపు కిటికీలోకి కూడా ఎండ అంతగా రాదు. అందువల్ల వేసవిలో కుండీని బాల్కనీకో బర్సాతీ ముందరికో మార్చాలి. అదీ వీలుకాకపోతే మొక్కల కోసం తయారుచేసే ఎల్ఈడీ దీపాన్ని రోజుకు 12 గంటలు వెలిగించాలి.

తరువాతది వెచ్చదనం. అరటికి 26 నుంచి 30 డిగ్రీలు హాయి. 16 డిగ్రీల కన్నా తగ్గితే ఆకు వేయడం మందగిస్తుంది. 10 డిగ్రీల ప్రాంతంలో దాదాపు ఆగిపోతుంది. ఢిల్లీలో జనవరి రాత్రులు 5 డిగ్రీలకు పడిపోవడం మామూలే. అందుకే దీపావళి దాటాక మొక్కను లోపలికి తేవాలి. ఆకులు వాడిపోయినా తొందరపడి పారవేయకండి. దుంప బతికి ఉంటే మార్చిలో మళ్లీ సుడి ఆకు వస్తుంది.

నీటి విషయంలో ఎక్కువమంది పొరపాటు పడేది చలికాలంలోనే. ఆకు పెద్దది కనుక వేసవిలో బాష్పోత్సేకం ఎక్కువ, రోజూ నీరు కావాలి. చలిలో, తక్కువ వెలుగులో మొక్క నీరు పీల్చదు. అప్పుడు కూడా రోజూ పోస్తే దుంప కుళ్లుతుంది. పై 5 సెంటీమీటర్ల మట్టి ఆరిందో లేదో వేలితో చూసి పోయండి. గది గాలి పొడిగా ఉంటే ఆకుల అడుగున ఎర్రనల్లి చేరుతుంది. దుమ్ము కూడా పడుతుంది. వారానికోసారి తడిగుడ్డతో ఆకు రెండు వైపులా తుడిస్తే రెండింటికీ మందు అదే.

ఇక చోటు. ఎదిగిన మొక్కకు 45 సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతు ఉన్న కుండీ కావాలి. దాని ఘనపరిమాణం సుమారు 70 లీటర్లు. తడిసిన మట్టితో అది 100 కిలోల పైమాటే! పాత ఇళ్ల బాల్కనీ అంచున అంత బరువు పెట్టేముందు ఇంటి యజమానిని అడగండి. మట్టిలో సగం కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్టు కలిపితే బరువు తగ్గుతుంది. అడుగున రంధ్రాలు తప్పనిసరి. మార్చి నుంచి అక్టోబరు దాకా నెలకోసారి పొటాష్ ఎక్కువగా ఉన్న ఎరువు కొద్దిగా వేయండి.

ఇవన్నీ చేస్తే నిజంగా గెల వేస్తుందా అని మీరు అడగవచ్చు. దానికి చరిత్రే జవాబు చెబుతుంది. మారిషస్ నుంచి ఇంగ్లండు చేరిన ఒక పొట్టి అరటిని, చాట్స్‌వర్త్ భవనంలో తోటల అధికారి జోసెఫ్ పాక్స్‌టన్ వేడిచేసిన గాజు ఇంట్లో పెంచాడు. 1835 నవంబరులో అది పూసింది. ఆ భవనం యజమాని, డెవన్‌షైర్ ఆరో డ్యూక్ ఇంటిపేరు కావెండిష్. ఆ పేరే మొక్కకు పెట్టారు. దాని పిలకలను 1830ల చివర్లో క్రైస్తవ మత ప్రచారకుడు జాన్ విలియమ్స్ సమోవా దీవులకు తీసుకువెళ్లాడు. చలిదేశంలో ఒక కప్పు కింద పెరిగిన మొక్క అలా పసిఫిక్ దీవులకు చేరింది. అయితే ఒక తేడా గమనించండి. పాక్స్‌టన్ గదికి పైకప్పు కూడా గాజే. మన గదికి ఒకవైపు కిటికీ మాత్రమే.

ఈ కథ మనను రెండో ప్రశ్న దగ్గరికి తెస్తుంది. తినే అరటిలో విత్తనం లేదు, పిలకే దాని సంతానం. పిలక తల్లికి అచ్చమైన నకలు. తల్లికి సోకే తెగులు ప్రతి నకలుకూ సోకుతుంది. 20వ శతాబ్దం మధ్యలో ప్రపంచ మార్కెట్టును ఏలిన గ్రాస్ మిషెల్ అరటి పనామా తెగులుకు అలాగే తుడిచిపెట్టుకుపోయింది. దాని స్థానంలోకి వచ్చిందే కావెండిష్ జాతి. ఇప్పుడు అదే తెగులులో టీఆర్4 అనే కొత్త తెగ కావెండిష్‌నూ చంపుతోంది. మన దేశంలో బీహార్, ఉత్తరప్రదేశ్ తోటల్లో అది కనబడింది. 2019లో దక్షిణ అమెరికాలోని కొలంబియాలోనూ బయటపడింది. దాని శిలీంధ్రం నేలలో దశాబ్దాల తరబడి బతుకుతుంది. పిలకకు అంటిన పిడికెడు మట్టి చాలు, దానికి రైలు టిక్కెట్టు దొరికినట్టే!

పచ్చగా కనిపించే పిలకలో తెగులు దాగి ఉండవచ్చు. కనుక ఊరి పిలక ఢిల్లీకి వద్దు. ఢిల్లీలో పెంచిన మొక్కనూ, దాని మట్టినీ ఊరి పెరటికి తీసుకువెళ్లవద్దు. ఇది ఇంకా ముఖ్యం. మీ బాల్కనీలో పోయేది ఒక్క మొక్క, అక్కడ పోయేది రావులపాలెం మార్కెట్టుకు గెలలు పంపే రైతు జీవనం. ప్రయోగశాలలో కణజాల వర్ధనం ద్వారా పెంచిన మొక్కను నమ్మకమైన నర్సరీలో కొనండి. తోటమట్టి అంటని మొక్క అది.

చివరగా మీకొక పని. కొత్త ఆకు పూర్తిగా విచ్చుకున్న ప్రతిసారీ తేదీ నోట్‌బుక్కులో రాయండి. వారానికొక ఆకు వస్తే 35 ఆకులకు 35 వారాలు. నెలకొకటి వస్తే 35 నెలలు. మీ గదిలో వెలుగు ఎంతో, వెచ్చదనం ఎంతో ఆ తేదీలే చెబుతాయి. గెల వచ్చినా రాకపోయినా, మొక్క దేనివల్ల పెరిగిందో, దేనివల్ల ఆగిందో మీ చేతిరాతలో మిగులుతుంది. వృక్షశాస్త్రం మొదలయ్యేది అక్కడే.