వారానికి ఒక్కరోజు మాత్ర



మేము డాక్టర్లం కాము, బడిపంతుళ్లం. అయినా కీళ్లవాతం మందుల గురించి మాట్లాడడానికి ఒప్పుకున్నామంటే కారణం మా ఖాలా.

ఆమె ఉండేది పలమనేరులో. తెల్లవారి లేస్తే గంటసేపు వేళ్లు ముడుచుకోవు. రొట్టెల పిండి పిసకలేదు, వజూకు కుళాయి తిప్పలేదు. తిరుపతిలో చూపిస్తే రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని చెప్పి మెథోట్రెక్సేట్ రాశారు. వారానికి ఒక్కరోజే వేసుకోవలసిన మాత్ర అది. చీటీలో ఆ మాట ఇంగ్లీషులో ఉంది. మందుల షాపులో కవరులో వేసి ఇచ్చారంతే. ఖాలాకు బి.పి. మాత్ర అలవాటు కదా, దీన్నీ రోజూ వేసుకుంది. పదిరోజులు తిరగకముందే నోరంతా పుండ్లు, జ్వరం. గంజి కూడా మింగలేకపోయింది. రక్తకణాలు పడిపోయాయని ఆసుపత్రిలో ఉంచారు. అల్లా దయవల్ల ఇంటికి తెచ్చుకున్నాం. షాపువాళ్లనే అని ఏం లాభం? చీటీ చదవగలిగిన మేమూ చూడలేదు.

మందు చెడ్డది కాదు. ఈ జబ్బుకు లోకమంతటా డాక్టర్లు ముందుగా రాసేది దాన్నే. కాకపోతే గుణం కనిపించడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. ఆ సంగతి చెప్పేవారు లేక చాలామంది నెలకే మానేసి నొప్పిమాత్రలకు పోతారు. నొప్పి తగ్గుతుంది గానీ లోపల కీలు అరుగుతూనే ఉంటుంది, కడుపు, కిడ్నీలు కూడా దెబ్బతింటాయి. గర్భిణులు మెథోట్రెక్సేట్ వాడకూడదు, బిడ్డ కావాలనుకునేవాళ్లు ముందే డాక్టరుతో మాట్లాడాలి. రోజా కోసం స్టెరాయిడ్ మాత్రను ఉన్నట్టుండి ఆపితే ప్రమాదం. సహరీ, ఇఫ్తార్ వేళలకు ఎలా సర్దుకోవాలో రంజాన్‌కు ముందే అడగాలి.

ఇవన్నీ చెప్పవలసింది ఎవరు? 2015లో ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా తెచ్చిన నిబంధనల ప్రకారం, మందు ఇచ్చేటప్పుడు రోగికి వివరించడం రిజిస్టర్డ్ ఫార్మసిస్టు పని. సాయంత్రం కౌంటరు ముందు గుంపు చూస్తే ఆ నిబంధన ఎక్కడుందో కనబడదు!

బడిలో మాకు తెలిసిన సంగతొకటి ఉంది. పాఠం చెప్పి "అర్థమైందా?" అంటే పిల్లలంతా అయిందనే అంటారు. తిరిగి చెప్పమంటేనే తెలుస్తుంది. మా బంధువులలో ఫార్మసీ చదివిన అమ్మాయి ఖాలాతో అదే చేసింది. డాక్టరు మళ్లీ మందు మొదలుపెట్టినప్పుడు డబ్బా మీద ఉర్దూలో 'జుమా' అని రాసింది. ఫోలిక్ ఆసిడ్ వేరే రోజు అని ఆ డబ్బా వేరుగా పెట్టింది. "ఎప్పుడు వేసుకుంటావు ఖాలా?" అని మూడుసార్లు చెప్పించుకుంది. మూడోసారి ఖాలాకు కోపం వచ్చింది లెండి.

ఇప్పుడు పిండి తానే కలుపుకుంటోంది. వేళ్ల వంకర పోలేదు.

సొసైటీ వారిని మేము అడిగేది ఒక్కటే. వచ్చే ఉచిత వైద్యశిబిరంలో మందులిచ్చే బల్ల పక్కన ఇంకో బల్ల, రెండు కుర్చీలు వేయించండి. ఒకదానిలో తెలుగు, ఉర్దూ వచ్చిన ఫార్మసిస్టును కూర్చోబెట్టండి. ఆ మనిషిని తీసుకువచ్చే పని మాది.